ఖాళీ ఒడ్డుకు 43 లక్షల డాలర్లు

2011 నవంబర్ 8. న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సెంటర్‌లోని క్రిస్టీస్ వేలంశాల. సమకాలీన కళాఖండాల వేలం జోరుగా సాగుతోంది. కొందరు హాల్లోనే కూర్చుని పాడుతున్నారు. కొందరి తరఫున సిబ్బంది ఫోన్లు చెవికి ఆనించుకుని పాడుతున్నారు.

ఒక ఫొటో వంతు వచ్చింది. ఎత్తు ఆరడుగులు, వెడల్పు పన్నెండడుగులకు దగ్గర. బూడిదరంగు ఆకాశం, పచ్చటి గట్టు, నది, ఇవతల మళ్లీ గడ్డి, దాని మధ్య సన్నటి బాట. అన్నీ గీత గీసినట్టు అడ్డంగా సాగిపోయాయి. మనిషి లేడు, పడవ లేదు. పేరు ‘రైన్ 2’. తీసినవాడు జర్మన్ ఫొటోగ్రాఫర్ ఆండ్రియాస్ గుర్‌స్కీ.

క్రిస్టీస్ అంచనా 25 నుంచి 35 లక్షల డాలర్లు. పాట దాన్ని దాటేసింది. 38 లక్షల దగ్గర సుత్తి పడింది. కొన్నవారు వేలం సంస్థకు కట్టే రుసుముతో కలిపి 43,38,500 డాలర్లు. అప్పటి మన లెక్కలో 21 కోట్ల రూపాయల పైమాటే! అదే ఏడాది మే నెలలో సిండీ షెర్మన్ ఫొటోకు పలికిన 38.9 లక్షల డాలర్ల రికార్డు బద్దలైంది. వేలంలో అప్పటిదాకా ఏ ఫొటోకూ ఇంత ధర రాలేదు.

ఏముందని ఆ ఫొటోలో?

జవాబు జర్మనీలోని డ్యూసెల్‌డోర్ఫ్‌లో ఉంది. 1955లో లైప్‌జిగ్‌లో పుట్టిన గుర్‌స్కీకి ఫొటోగ్రఫీ ఇంటి విద్య. తండ్రి వాణిజ్య ప్రకటనలకు ఫొటోలు తీసేవాడు. డ్యూసెల్‌డోర్ఫ్ కళా అకాడమీలో బెర్న్డ్, హిల్లా బెకర్ దంపతులు గురువులుగా దొరికారు. పాత నీళ్ల ట్యాంకులను, ఫ్యాక్టరీ కొలుములను దశాబ్దాలపాటు ఒకే పద్ధతిలో, నిండు ఓపికతో ఫొటోలు తీసిన జంట అది. శిష్యుడికీ ఆ ఓపిక అబ్బింది.

రైన్ నది ఒడ్డున ఆ చోటు ఆయన రోజూ చూసేదే, పరుగుకు వెళ్లే దారే. కానీ కెమెరాకు చిక్కిన ఒడ్డు అంత ఖాళీగా లేదు. ఫ్యాక్టరీ భవనం ఉంది, కుక్కల్ని తిప్పేవాళ్లు ఉన్నారు. 1999లో కంప్యూటర్ ముందు కూర్చుని వాటన్నిటినీ తీసేశాడు. నది, గడ్డి, ఆకాశం, బాట మిగిలాయి.

ఫొటోకు ఎన్ని కాపీలైనా తీయొచ్చన్న మాటే దాన్ని చాలాకాలం చౌక చేసింది. గుర్‌స్కీ ఆరు ప్రింట్లతో ఆపేశాడు. లండన్ టేట్, న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్, మ్యూనిక్ పినకోతెక్ తలా ఒకటి దక్కించుకున్నాయి. మ్యూజియం గడప దాటి లోపలికి వెళ్లింది మళ్లీ అమ్మకానికి రావడం అరుదు. అందుకే బయట మిగిలిన ప్రింటుకు అంత గిరాకీ.

అయినా అదే రాత్రి, అదే హాల్లో రాయ్ లిక్టెన్‌స్టైన్ పెయింటింగ్ 4.32 కోట్ల డాలర్లకు పోయింది. ఫొటోల్లోకెల్లా ఖరీదైనది దాంట్లో పదో వంతు! పైగా ‘రైన్ 2’ను అమ్మినవారు ఆ ప్రింటు యజమానులు, గుర్‌స్కీ కాదు. ఇలాంటి మారు అమ్మకంలో కళాకారుడికి వాటా ఇవ్వాలని అమెరికా చట్టం చెప్పదు. 2022లో మాన్ రే 1924 నాటి ఫొటో 1.24 కోట్ల డాలర్లు పలికి గుర్‌స్కీ రికార్డును దాటేసింది. అప్పటికి మాన్ రే పోయి 45 ఏళ్లు దాటాయి.

సొమ్ము ఎవరికి చేరినా, ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చిన చూపు ఫొటోగ్రాఫర్‌దే. అతన్ని కళాకారుడని ఒప్పుకోవడానికి సుత్తి దెబ్బ కోసం ఆగడం అన్యాయం.