వెబ్ టెంప్లేట్ల రూపకల్పన: దృశ్య సాధనాలు, కోడ్ ఎడిటర్లు – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

వెబ్ టెంప్లేట్లను తెరపై కనిపించే రూపంలోనే కూర్చాలా, హెచ్‌టీఎంఎల్ కోడ్‌ను స్వయంగా రాయాలా అన్న చర్చ వెబ్ తొలి దశాబ్దం నుంచీ సాగుతోంది. దీనిని సౌలభ్యానికీ నైపుణ్యానికీ మధ్య పోటీగా భావించడం పరిపాటి. అయితే కంటికి కనిపించే రూపానికీ, దాని అడుగున నిలిచే పాఠానికీ గల సంబంధమే ఈ చర్చలోని అసలు అంశం.

1. దృశ్య సాధనాల ఆవిర్భావం

1990లో టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ సంస్థలో రూపొందించిన తొలి బ్రౌజరులో పుటలను చదవడమే కాక, తెరపైనే దిద్దడానికీ వీలుండేది. 1993లో వెలువడిన మొజాయిక్ చదవడానికి మాత్రమే ఉద్దేశించినది. అది విస్తృత ప్రచారం పొందడంతో చదవడం, రాయడం వేరుపడ్డాయి. పుటల కర్తలు సాధారణ టెక్స్ట్ ఎడిటర్లలో ట్యాగులను రాసుకోవలసి వచ్చింది.

ఈ లోటును పూరించిన సాధనాల్లో ఫ్రంట్‌పేజ్ ముఖ్యమైనది. 1995లో వెర్మీర్ సంస్థ దీనిని విడుదల చేయగా, 1996లో మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను కొనుగోలు చేసింది. కోడ్ తెలియనివారికీ పుటల తయారీ సాధ్యమైంది. కానీ ఆనాటి దృశ్య సాధనాలు అమరిక కోసం ఒకదానిలో ఒకటిగా పట్టికలను, అనవసరమైన ఫాంట్ ట్యాగులను చేర్చేవి. 1997లో మాక్రోమీడియా విడుదల చేసిన డ్రీమ్‌వీవర్, చేతితో రాసిన కోడ్‌ను చెదరనీయకుండా రెండు పద్ధతులనూ సమన్వయపరచే ప్రయత్నం చేసింది.

2. రూపం, విషయాల విభజన

1996లో ప్రమాణంగా వెలువడిన సీఎస్ఎస్, అలంకరణను విషయం నుంచి వేరుచేసింది. 2003లో డేవ్ షే ప్రారంభించిన సీఎస్ఎస్ జెన్ గార్డెన్, ఒకే హెచ్‌టీఎంఎల్ పుటకు అనేక రూపాలు కల్పించవచ్చని నిరూపించింది. దీనితో కోడ్ స్వచ్ఛతకు ప్రాధాన్యం పెరిగింది.

3. తెలుగు వెబ్ అనుభవం

యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే స్థానం లభించినా, తొలినాటి తెలుగు సైట్లు సొంత ఫాంట్లపై ఆధారపడ్డాయి. వాటిలో తెలుగు అక్షరాల భాగాలు రోమన్ అక్షరాల స్థానాల్లో ఉండేవి. తెరపై తెలుగు కనిపించినా, కోడ్‌లో ఉన్నది తెలుగు కాదు. ఫాంటు లేని కంప్యూటరులో ఆ పుట అర్థరహితమైన గుర్తుల వరుసగా మారేది. తెలుగు పదంతో వెదికితే దొరికేది కాదు. ఇది దృశ్య సాధనాలకే పరిమితమైన లోపం కాదు. కోడ్ ఎడిటరుతో తయారైన పుటకూ ఇదే గతి. రూపాన్నే ప్రమాణంగా స్వీకరించిన ఫలితమిది.

ముగింపు

కాబట్టి సాధనం ఎంపిక కన్నా, అది మిగిల్చే పాఠాన్ని పరీక్షించడం ముఖ్యం. త్వరగా పుట కూర్చడానికి దృశ్య సాధనం, నిర్మాణాన్ని దిద్దడానికి కోడ్ ఎడిటరు ఉపకరిస్తాయి. అయితే వెదికితే దొరకని పాఠం, తెరపై ఎంత అందంగా ఉన్నా, భావి పరిశోధకునికి ఆధారం కాజాలదు.