బోధన్ చలానాలూ, మన ఆడిట్ లాగ్‌లూ

బోధన్ అనగానే ఎవరికైనా శక్కర్‌నగర్, నిజాం షుగర్స్ గుర్తొస్తాయి. 1930ల చివర్లో మొదలైన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో లేఆఫ్‌తో ఆగిపోయింది. ఆ కథ చాలామందికి తెలుసు. అదే ఊళ్ళో పన్నుల ఆఫీసుకి కూడా ఒక చరిత్ర ఉంది. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి అది ఇంకా ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

2005 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యాట్ వచ్చింది. వ్యాపారి తన పన్ను తనే లెక్కేసుకుని, డబ్బు కట్టి, నెలనెలా రిటర్ను వేయాలి. కట్టాడనడానికి సాక్ష్యం చలానా. దాని వివరాలు ఆఫీసు రికార్డుకెక్కితే ఇక కట్టినట్టే లెక్క!

2017 మొదట్లో బోధన్ వాణిజ్య పన్నుల ఆఫీసులో నకిలీ చలానాల కుంభకోణం బయటపడింది. వ్యాపారులు ఏజెంటుకిచ్చిన డబ్బు ఖజానాకి చేరలేదనీ, ఒకరి చలానానే మార్చి ఇంకొందరి పేరు మీద చూపించారనీ ఆరోపణ. కేసు సీఐడీకి వెళ్ళింది. ఆఫీసు ఉద్యోగులు కూడా అరెస్టయ్యారు. నష్టం వందల కోట్లని వార్తలొచ్చాయి.

గమనించారా? రికార్డు లేకపోవడం ఇక్కడ సమస్య కానే కాదు. రికార్డు ఉంది, చలానా నంబరూ ఉంది. ఆ నంబరు మీద ఖజానాకి నిజంగా డబ్బొచ్చిందా అని పోల్చి చూడటం దగ్గరే అంతా తప్పింది.

ఇప్పుడు మన సర్వర్ల సంగతి చూద్దాం. లినక్స్‌లో ఆడిట్‌డీ ఉంటుంది. పాస్‌వర్డ్ ఫైలుని ఎవరు ముట్టుకున్నా రాసిపెట్టమని రూలు పెడతాం. రోజూ రాత్రి ఒక స్క్రిప్టు వచ్చి, రూల్స్ ఫైల్లో ఆ లైను ఉందో లేదో చూసి 'పాస్' అంటుంది. అది చలానా ఉందా అని చూడటమే! ఆడిట్ కాన్ఫిగరేషన్‌కి తాళం వేసే 'మైనస్ ఈ 2' పెట్టి ఉంటే, కొత్తగా రాసిన రూలు రీబూట్ అయ్యేదాకా కెర్నెల్‌లోకి ఎక్కదు. ఫైల్లో ఉంటుంది, పనిలో ఉండదు. 64 బిట్ సిస్టమ్ కాల్స్‌కే రూలు రాస్తే, 32 బిట్ దారిన వచ్చినవాడు కనపడకుండా పోతాడు. చెక్ మాత్రం రోజూ పచ్చగానే ఉంటుంది.

అసలైన టెస్టు ఏంటంటే, ఆ పని మనమే చేసి చూడటం. టెస్టు మెషీన్లో ఆ ఫైలుని కావాలని మార్చాలి, తర్వాత ఏయూసెర్చ్‌తో వెతకాలి. ఎంట్రీ దొరకాలి, అందులో చేసినవాడి ఐడీ సరిగ్గా ఉండాలి. అదే ఎంట్రీ వేరే చోట ఉన్న లాగ్ సర్వర్‌కీ చేరాలి. ఎందుకంటే రూటు యూజరే దొంగైతే లోకల్ లాగ్‌ని నమ్మలేం.

2017 జూలై 1న వచ్చిన జీఎస్టీలో ఈ తేడా కనిపిస్తుంది. చలానా తయారైనప్పుడు వచ్చేది 14 అంకెల సీపిన్. డబ్బు అందాక బ్యాంకు వైపు నుంచి 17 అక్షరాల సిన్ వస్తుంది. అది వస్తేనే వ్యాపారి లెడ్జర్లో జమ. అంటే సాక్ష్యం కట్టేవాడి చేతిలోంచి రాదన్నమాట.

2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆడిట్ ట్రయల్ తప్పనిసరి. ఆ ఫీచరు ఉందా అన్నదొక్కటే సరిపోదు. ఏడాది పొడుగునా పనిచేసిందా, ఎవరైనా చెరిపారా అని కూడా ఆడిటర్ చెప్పాలి. మన కంప్లయన్స్ స్క్రిప్టులు అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే కదా. మీ ప్రాజెక్టులో ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతున్నారా?