ఆచార్యాని, ఆచార్య: గుంటూరు వైద్యసన్న్యాసిని చరిత్రము

పాణినీయ స్త్రీప్రత్యయ ప్రకరణమున (4-1-49) ఆచార్యశబ్దమునకు ఆనుగాగమము విధింపఁబడినది. ఆచార్యుని భార్య యను నర్థమున 'ఆచార్యానీ' యని రూపము. ఇందలి నకారమునకు ణత్వము కూడదని వార్తికము. విద్యార్థు లీ ణత్వనిషేధమును గంఠస్థము చేసి యొప్పగింతురు గాని, దానివెంట వ్యాఖ్యాతలు చెప్పిన యర్థభేదమును దఱచుగా మఱతురు. తాను స్వయముగా శాస్త్రమును వ్యాఖ్యానించు స్త్రీ 'ఆచార్యానీ' కాదు, 'ఆచార్యా' యగును. మొదటిది పుంయోగముచే, అనఁగా భర్తృసంబంధముచే వచ్చిన పేరు. రెండవది స్వవిద్యచే వచ్చినది. అట్టి స్త్రీలు లోకమున లేకున్నచో వైయాకరణులకు ఈ విభాగముతోఁ బనియే యుండదు.

తెలుఁగునను ఈ భేదము గలదు. దొరసాని యనఁగా దొర భార్య. మంత్రసాని మంత్రి భార్య కాదు. ప్రసూతికర్మమునందు తనకుఁ గల నేర్పుచే నా పేరు పొందినది. రెండును సానిశబ్దాంతములే యైనను, గౌరవము వచ్చిన త్రోవలు వేఱు.

నెల్లూరు మండల పశ్చిమభాగమున క్రైస్తవ విద్యావైద్యముల చరిత్రమును బరిశీలించువారికి ఈ భేద మక్కఱకు వచ్చును. శ్రీకృష్ణదేవరాయలు 1514లో సాధించిన దుర్గముగానే ఉదయగిరి సాహిత్యపరులకు పరిచితము. ఆ కొండక్రింది యూర అమెరికా బాప్టిస్టులు 1885లో మిషను స్థానమును నెలకొల్పిరి. 1893లో ఆత్మకూరున మఱియొకటి యేర్పడెను. ఇట్టి స్థానములయందు మిషనరీల భార్యలు చేసిన పని యెంత గొప్పదైనను, పత్రములలో వారి పేళ్లు భర్తల పేళ్లచాటుననే యుండును. అవివాహితలను బంపుటకై అమెరికాయందలి బాప్టిస్టు స్త్రీలు 1871లో ప్రత్యేక సమాజమును స్థాపించుకొనిరి. అట్లు వచ్చినవారిని సైతము జనులు దొరసానులనియే పిలిచిరి. వ్యాకరణము విడఁదీసినదానిని వాడుక కలిపివేసినది.

కథోలిక సంఘమున కన్యాస్త్రీలకు వివాహమే లేదు గనుక పుంయోగమునకుఁ దావు లేదు. అయినను వారికి వేఱొక యడ్డంకి యుండెను. ఆఱవ శతాబ్దమున ఇటలీదేశమున బెనెడిక్టు మహర్షి యేర్పఱచిన నియమావళి రోగిపరిచర్యను దక్కిన పనులకన్న ముందు నిలిపినది; ఒక్క మఠమునందే జీవితాంతము నిలుచుట ఆ శాఖవారి వ్రతము. తరువాతి కాలమున మఠము విడిచి జనులలోఁ దిరిగి చదువు చెప్పు సభలు పుట్టెను. హాలెండు దేశమున ఆమర్స్‌ఫోర్టునందు 1822లో స్థాపింపఁబడిన యేసు మరియ జోజప్ప సభ యట్టిది. ఆ సభ కన్యాస్త్రీలు 1904లో గుంటూరునకు వచ్చిరి. వీరు పాఠశాలలు పెట్టవచ్చును, రోగికి మం దీయవచ్చును. కాని పూర్ణవైద్యవృత్తి కూడదు. 1917నాఁటి సంఘధర్మసంహితలో యాజకులకును సన్న్యాసులకును పోపు ప్రత్యేకానుమతి లేనిదే వైద్యమును శస్త్రచికిత్సయు నిషేధింపఁబడినవి. ప్రసూతికర్మ వ్రతధారిణులకు తగదను భావము అంతకుముందునుండియుఁ గలదు. పురుషవైద్యునిఁ జేరనొల్లని స్త్రీలు వేలకొలఁది గల దేశమున ఈ నిషేధము ఎన్ని ప్రాణములకు మూల్యమైనదో ధర్మసంహితను గూర్చినవారు తలపోసినట్లు తోఁపదు. స్కాట్లండు దేశపు వైద్యురాలు ఆగ్నెస్ మెక్లారెన్ రావల్పిండిలో స్త్రీలకు వైద్యశాలను స్థాపించి, ఈ కట్టడిని సడలింపుఁడని రోమునకు పలుమాఱులు విన్నవించి, 1913లో గతించెను.

ఆమెను గూర్చిన చిన్నపుస్తకమును 1915లో మెల్బోర్నున మేరీ గ్లౌరీ యను వైద్యురాలు చదివెను. ఈమె ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రమున బిరెగర్రా గ్రామమున 1887 జూన్ 23వ తేదిని జన్మించి, 1910లో మెల్బోర్ను విశ్వవిద్యాలయమునుండి వైద్యపట్టమును బడసినది. 1916లో కథోలిక స్త్రీల సమాజమునకు తొలి యధ్యక్షురాలయ్యెను. 1919లో ప్రసూతి, స్త్రీరోగ, నేత్రవైద్యములయం దున్నతపట్టమును బొంది, 1920 జనవరిలో ఓడ యెక్కి, ఫిబ్రవరి 12వ తేదిని గుంటూరు చేరెను. అప్పటి కామె వయస్సు ముప్పదిరెండేండ్లు. అచ్చటి సభయందుఁ జేరి సిస్టరు మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్టు అను పేరు దాల్చెను. ఆమె వైద్యవృత్తి ననుమతించిన పోపు పదునైదవ బెనెడిక్టు. పైని చెప్పిన మహర్షి నామధారియే యగుట గమనింపఁదగును.

1928లో నెల్లూరు మేత్రాసన మేర్పడినపుడు ఉదయగిరి, ఆత్మకూరు సీమలతోఁ గూడ గుంటూరును అందే చేరెను. 1940లో గాని గుంటూరు వేఱు మేత్రాసనము కాలేదు. కావున ఈ కన్యాస్త్రీ చరిత్రము నెల్లూరు మేత్రాసన చరిత్రమున కొకభాగమే. గుంటూరు సెయింటు జోసఫు వైద్యశాలలో 1927 మొదలు 1936 వఱకు ఆమె చూచిన రోగులు 6,00,000కు మించిరని లెక్క. ఇందుఁ బెక్కండ్రు వాకిట నిలిచి మందు గొనిపోయినవారే. అయినను ఒక్క వైద్యురాలికి ఇది సామాన్యము కాదు. ఈ దేశపు ఓషధులను సైత మామె శ్రద్ధతోఁ బరిశీలించెను.

ఆమెను స్మరించువారు తొలి వైద్యసన్న్యాసిని యనుటనే మొదటఁ జెప్పుదురు. అది సత్యమే. కాని ప్రాథమ్యము కాలవశమున వచ్చునది. ఇంతకన్న గణింపఁదగినది ఆమె యధ్యాపనము. ఈ దేశపు స్త్రీలకు మందులు కలుపుటయు, పరిచర్యయు, పురుడు పోయుటయు నేర్పి, నర్సులుగను మంత్రసానులుగను దిద్దెను. పురుడు పోయుట కడసారి పనిగా నెంచఁబడు నాఁట, విశ్వవిద్యాలయమున దాని నభ్యసించిన స్త్రీ వచ్చి శాస్త్రముగాఁ జెప్పినప్పుడు, విన్నవారి చేతిపని మాత్రమే కాదు, ఆ వృత్తికి లోకమునఁ గల విలువయు మాఱెను. సన్న్యాసిని పురుడు పోయరాదన్నవారికి ఆమె వాదముతోఁ బ్రత్యుత్తర మీయలేదు; శిష్యురాండ్రను దయారుచేసెను.

రోమునందలి నిషేధము 1936 ఫిబ్రవరిలో సడలెను. కన్యాస్త్రీలు వైద్యమును ప్రసూతిశాస్త్రమును నేర్చికొని యాచరింపవచ్చునని శాసన మప్పుడు వెలువడెను. దానికిఁ బదునాఱేండ్లు ముందే గుంటూరున ఆ పని మొదలయ్యెను. 1943లో ఆమె చొరవచే కథోలిక వైద్యశాలల సంఘము స్థాపింపఁబడెను. ఒక వైద్యకళాశాలను గూడ నెలకొల్పవలెనని యామె కోరిక. 1957 మే 5వ తేదిని బెంగుళూరునందు దేహము చాలించెను. 2013లో సంఘ మామెకు 'దైవసేవకురాలు' అను బిరుద మిచ్చెను. సెయింటు జాన్సు వైద్యకళాశాల ఆ బెంగుళూరునందే 1963లోఁ దెఱవఁబడునాఁటికి, ఆమె గతించి యాఱేండ్లయ్యెను.