బంపర్ స్టిక్కర్

మోటారు వాహనం వెనుక బంపరుకు అంటించే, వెనుక వచ్చేవారు చదవగలిగేలా అచ్చు వేసిన జిగురు పట్టీని బంపర్ స్టిక్కర్ అంటారు. ఇది అమెరికాలో పుట్టింది. మొదట్లో అట్టముక్కలను, రేకు పలకలను తీగతో బంపరుకు కట్టేవారు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత కాన్సస్ సిటీకి చెందిన స్క్రీన్ ప్రింటర్ ఫారెస్ట్ గిల్, జిగురు వెనుకభాగం గల కాగితంపై మెరిసే ఫ్లోరోసెంట్ సిరాతో ముద్రించి దీనికి నేటి రూపమిచ్చాడు. తరువాత కాగితం స్థానంలో, ఎండవానలకు తట్టుకునే వినైల్ వచ్చింది.

తొలి గిరాకీ పర్యాటక స్థలాల నుంచి వచ్చింది. 1952 అధ్యక్ష ఎన్నికల నాటికి ఐసెన్‌హోవర్ మద్దతుదారుల కార్లపైకీ చేరింది. నేడు మతం, పార్టీ, క్రీడాజట్టు, పిల్లల బడి, హాస్యం ఏదైనా ఇందులో ఇముడుతుంది. కదిలే కారులో చదవాలి కాబట్టి మాటలు తక్కువ, అక్షరాలు పెద్దవి.

అసభ్య స్టిక్కర్లను నిషేధించిన జార్జియా రాష్ట్ర చట్టాన్ని, వాక్‌స్వాతంత్ర్యానికి విరుద్ధమంటూ ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1991లో కొట్టివేసింది. స్టిక్కర్ల వంటి సొంత గుర్తులు ఎక్కువగా ఉన్న వాహనాల చోదకులలో రోడ్డుపై దూకుడు ఎక్కువని, ఆ రాతల భావం సౌమ్యమా కటువా అన్నదానితో దీనికి సంబంధం లేదని కొలరాడో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2008లో ప్రచురించారు.

భారతదేశంలో లారీల వెనుక రాతలది ఇదే పాత్ర అయినా, అవి ఎక్కువగా పెయింటర్ చేతిరాతలు. వాటిలో ప్రసిద్ధమైన ‘హారన్ ఓకే ప్లీజ్’ను, అనవసర హారన్ మోతకు కారణమవుతోందని మహారాష్ట్ర రవాణాశాఖ 2015లో నిషేధించింది. తెలుగు రాష్ట్రాల ఆటోలపై సినీతారల బొమ్మలు, దేవుళ్ల పేర్లు, తల్లిదండ్రుల దీవెనలు సాధారణంగా కనిపిస్తాయి.