అసలు బకిల్, నకిలీ సనదు



పాత ఫౌజీ సామాను పోగేయడం నాకు ఇరవయ్యేళ్ల షౌక్. టోపీ బిళ్లలు, పతకాలు, బెల్టు బకిళ్లు. మా బేగమ్ దీన్నంతా కలిపి ‘కబాడా’ అంటుంది. ఆ కబాడాలో చేరబోయి ఆగిపోయిన ఒక బకిల్ కిస్సా ఈరోజు చెబుతాను.

పోయిన సంవత్సరం పాత సామాన్ల వ్యాపారి ఒకాయన ఫోన్ చేశాడు. “సాబ్, జర్మన్ నేవీ బకిల్ వచ్చింది. మామూలుది కాదు, నేతాజీ, మన ఆబిద్ హసన్ సాబ్ వెళ్లిన పన్‌డుబ్బీలోది. ఒక నావికుడు ఆబిద్ సాబ్‌కు తోహ్ఫాగా ఇచ్చాడు” అన్నాడు. ధర 18,000 రూపాయలు. నిజం చెప్పాలంటే ఆ మాట వినగానే నా దిల్ కొట్టుకుంది. జలాంతర్గామి అనే తెలుగు మాట కన్నా పన్‌డుబ్బీ అనే మాటే మా బడిలో ముందు నేర్చుకున్నాం. కానీ ఆ పన్‌డుబ్బీలో మన హైదరాబాదీ ఒకరు ఉన్నారని ఏ ఉస్తాదూ చెప్పలేదు.

ఆ సఫర్ మాత్రం ముమ్మాటికీ నిజం. ఆబిద్ హసన్ హైదరాబాదులో పుట్టి, ఇంజనీరింగ్ చదవడానికి జర్మనీ వెళ్లారు. అక్కడ సుభాష్ చంద్రబోస్‌ను కలిసి ఆయన కార్యదర్శి అయ్యారు. ‘జై హింద్’ నినాదం ఆయన ఇచ్చిందేనని చెబుతారు. 1943 ఫిబ్రవరి 9న కీల్ రేవు నుంచి యు-180 అనే జర్మన్ జలాంతర్గామిలో ఇద్దరూ బయలుదేరారు. ఏప్రిల్ చివర్లో మడగాస్కర్ దగ్గర, పొంగుతున్న సముద్రంలో చిన్న రబ్బరు పడవ మీద జపాన్ జలాంతర్గామి ఐ-29లోకి మారారు. మే మొదట్లో సుమత్రా పక్కనున్న సబాంగ్ చేరారు. యు-180 మరుసటి సంవత్సరం ఆగస్టులో బిస్కే అఖాతంలో మునిగిపోయింది. అందులో ఉన్న 56 మందిలో ఒక్కరూ బతకలేదు. ఆబిద్ సాబ్ స్వాతంత్ర్యం తర్వాత విదేశాంగ శాఖలో పనిచేసి, 1984లో హైదరాబాదులోనే ఇంతెఖాల్ అయ్యారు.

ఇంత గొప్ప సఫర్‌కు నిషానీ ఒకటి చేతికి వస్తుందంటే ఎవరికి ఆశ ఉండదు? భూతద్దం, అయస్కాంతం జేబులో వేసుకుని వెళ్లాను.

ఆ బకిళ్ల సంగతి కొంచెం చెప్పాలి. హిట్లర్ కాలంలో జర్మన్ సైన్యం బకిల్ మీద రెక్కలు ముడిచిన గద్ద, దాని కాళ్ల కింద స్వస్తిక్, పైన ‘గాట్ మిట్ ఉన్స్’ అనే అక్షరాలు ఉంటాయి. ఖుదా మాతో ఉన్నాడు అని దాని అర్థం. ఆ మాట హిట్లర్ కన్నా పాతది, ప్రష్యా రాజుల ఫౌజు నుంచి వచ్చింది. నావికుల బకిల్ మీద కూడా అదే గద్ద, అదే మాట. తేడా రంగులో ఉంటుంది. పదాతి దళానిది బూడిద ఆకుపచ్చ పూత అయితే, నావికులది బంగారు రంగు. వైమానిక దళానిది వేరే నమూనా. దాని మీద ఎగిరే గద్ద ఉంటుంది, ఖుదా మాట ఉండదు.

మోసానికి తలుపు తెరిచేది ఆ రంగే. సైన్యం బకిళ్లు లక్షల్లో తయారయ్యాయి, ఇప్పటికీ దొరుకుతాయి. నావికులవి తక్కువ, ధర ఎక్కువ. సైన్యం బకిల్‌కు బంగారు పూత వేస్తే చాలు, ‘నేవీ’ అయిపోతుంది.

వ్యాపారి ఇత్తడి అన్నాడు, అయస్కాంతం పెడితే అంటుకుంది. అంటే ఉక్కు. యుద్ధానికి ముందు అల్యూమినియం ఎక్కువ, యుద్ధం ముదిరాక ఉక్కు ఎక్కువ, కాబట్టి ఇందులో తప్పు లేదు. భూతద్దంలో గద్ద ఈకలు పదునుగా ఉన్నాయి. అచ్చులో లోహం కరిగించి పోసిన కాపీల్లో ఈకలు మెత్తబడి ఉంటాయి, సన్నటి గుంతలు కనబడతాయి. ఇది అలాంటిది కాదు, అచ్చుతో కొట్టిన రేకు. వెనక లూడెన్‌షైడ్ ఊరి తయారీదారు ముద్ర ఉంది. బటన్లకు, బకిళ్లకు పేరుపడ్డ ఊరు అది. ఇక్కడిదాకా నా ఆశ పెరుగుతూనే ఉంది.

తర్వాత గీతలు చూశాను. వాడిన బకిల్ మీద పూత అరిగి, గీతల్లో లోహం బయటపడాలి. ఇక్కడ బంగారు రంగు గీతల లోపలికి దిగి ఉంది. ఒక మూల పెచ్చు లేచిన చోట కింద బూడిద ఆకుపచ్చ కనబడింది. దాని పక్కనే తుప్పు, తుప్పు మీద బంగారు రంగు. “యుద్ధంలోనే నేవీ వాళ్లు రంగు మార్చి ఉండొచ్చు కదా సాబ్?” అన్నాడు వ్యాపారి. ఉండొచ్చు. కానీ ఏళ్లు గడిచి తుప్పు పట్టాక ఆ తుప్పు మీద రంగు వేసింది ఏ నేవీ? పైగా వెనకున్న తోలు పట్టీ కుట్టు దారం నిన్నటిదిలా తెల్లగా ఉంది.

“ఇది మీకు ఎవరిచ్చారు? ఆయనకు ఎవరిచ్చారు?” అని అడిగాను. “అసలీ మాల్ హై సాబ్, షక్ నక్కో కరో” అన్నాడు. అదే జవాబు.

మనం తెలుగులో రోజూ వాడే ‘అసలు’, ‘నకిలీ’, ‘సనదు’ మాటలు అరబ్బీ నుంచి, మన ఉర్దూ ఫార్సీల దారిలో వచ్చినవే. తెలుగులో సనదు అంటే హక్కు పత్రం. హదీసు ఇల్మ్‌లో సనద్ అంటే ఫలానా వారి నుంచి ఫలానా వారు విన్నారనే గొలుసు. ముహద్దిసులు ఒక్కొక్క రావీ పేరు పట్టుకుని, అతను నమ్మదగినవాడా, తన ఉస్తాద్‌ను నిజంగా కలిశాడా అని వెతికేవారు. మాట ఎంత ముచ్చటగా ఉన్నా గొలుసు తెగితే జయీఫ్ అనేవారు. బకిల్ మీద జలాంతర్గామి పేరు ఉండదు. అది యు-180 లోదని చెప్పగలిగేది గొలుసు ఒక్కటే. ఆ గొలుసులో ఒక్క రావీ కూడా లేడు.

కాబట్టి నా ముందున్నది నకిలీ బకిల్ కాదు. అసలు సైన్యం బకిల్ మీద మొదట బంగారు రంగు పూశారు, తర్వాత ఆబిద్ హసన్ పేరు పూశారు. రెండో పూత గోకితే ఊడదు, అదే ఎక్కువ ఖతర్నాక్.

కొనలేదు. ఫోటో తీసి వ్యాసంలో పెట్టుకుందామా అన్న ఆలోచన మాత్రం వచ్చింది, దాచను. ఆ ఫోటో ఉంటే వ్యాసం నాలుగు గ్రూపుల్లో తిరిగేది. ఒక వారం తర్వాత తెలిసినవాడెవడో “ఇది సైన్యం బకిల్, రంగు వేశారు” అనేవాడు. దాంతో ‘ఆబిద్ హసన్ కథ కూడా ఇలాంటిదేనా’ అనే ప్రశ్న వచ్చేది. మన బుజుర్గుల పేరు పాఠ్యపుస్తకాల్లో దొరకడమే కష్టం. అలాంటి సచ్చాయీకి మనమే అబద్ధపు గవాహీ తెచ్చి తోడుపెడితే, అబద్ధంతోపాటు నిజమూ కోర్టు బయటికి పోతుంది.

వాట్సాప్‌లో మన ఖౌమ్ గొప్పల గురించి ఫార్వర్డ్ వచ్చినప్పుడల్లా నాకు ఆ తుప్పు మీది బంగారు రంగు గుర్తొస్తుంది. ఖుదా మాతో ఉన్నాడని బెల్టు మీద చెక్కుకున్నవాళ్లు ఐరోపాకు ఏం చేశారో అందరికీ తెలుసు. చెక్కిన మాట గవాహీ కాదు.

మీ పిల్లలకు ఆబిద్ హసన్ గురించి తప్పకుండా చెప్పండి. కీల్ రేవు, రబ్బరు పడవ, సబాంగ్ చాలు. బకిల్ అవసరం లేదు. ఖుదా హాఫిజ్.