సింహద్వారం చాటిన పరపతి: చెట్టినాడు గృహాలలో దారుశిల్పం

తమిళనాడులోని శివగంగ, పుదుక్కోట్టై జిల్లాల మెట్టనేలల్లో కారైక్కుడి, కానాడుకాత్తాన్, దేవకోట్టై వంటి ఊళ్ళున్నాయి. ఆ నేల ఇచ్చే పంటతో అక్కడి మేడలు లేచినవి కావు. వాటి సింహద్వారాలకు వాడిన టేకు కూడా అక్కడిది కాదు, బర్మా నుండి ఓడలలో వచ్చినది.

1852లో దిగువ బర్మా బ్రిటిష్ వారి వశమైంది. 1869లో సూయజ్ కాలువ తెరవడంతో ఐరావతీ మైదానంలో పండే బియ్యానికి ఐరోపా మార్కెట్ దగ్గరయింది. అడవిని కొట్టి పొలం చేసే రైతుకు అప్పు కావలసివచ్చింది. దానిని సమకూర్చినవారు నాట్టుకోట్టై చెట్టియార్లు. ఏజెంట్లు సాధారణంగా మూడేళ్ళ గడువుపై సముద్రం దాటేవారు. కుటుంబం ఊళ్ళోనే ఉండేది. ఈ వ్యాపారానికి మూలధనంలో కొంత భాగం కులబంధువుల డిపాజిట్లే కనుక, యజమాని పరపతి ఊళ్ళో అందరి కంటికీ కనబడాలి. ఏళ్ళ తరబడి ఇంట లేని మనిషి గురించి మాట్లాడవలసిన బాధ్యత అతని వాకిలిపై పడింది.

ద్వారబంధం పైభాగాన గజలక్ష్మి, ఇరువైపులా కలశం పట్టిన ఏనుగులు. చుట్టూ లతలు, పద్మాలు, హంసలు, చిలుకలు. వడ్డీవ్యాపారి ఇంటిమీద లక్ష్మి కొలువుండడం కేవలం భక్తి కాదు, కేవలం ఆడంబరమూ కాదు. గడపకు పసుపు రాసి బొట్టుపెట్టే తెలుగు ఇల్లాలికి అందులో మొదటి అర్థం వెంటనే తెలుస్తుంది. రెండవది లెక్కలు తెలిసినవారికి: ఒక్క తలుపుపై వడ్రంగులను నెలల తరబడి కూర్చోబెట్టగల ఇల్లు డిపాజిట్టును తిరిగి ఇవ్వగలదు. ద్వారం దాటితే అరుగుల మీద నునుపుదేరిన టేకు స్తంభాలు, ఆపైన తెలుగునాట మండువా లోగిలిని తలపించే ముంగిలి. లోపలికి పోయేకొద్దీ చెక్కడం పలచబడుతుంది. అతిథి ఎంతవరకు వస్తాడో అంతవరకే ప్రధానంగా శిల్పం!

1930 నాటి ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధర పడిపోయి, తాకట్టు భూములు అప్పులవాళ్ళ చేతికి వచ్చాయి. 1938 నాటికి దిగువ బర్మా ప్రధాన వరిజిల్లాలలో సాగుభూమిలో దాదాపు నాలుగోవంతు చెట్టియార్లదే. కోరి సంపాదించిన ఆస్తి కాదది. అదే వారిపై ద్వేషానికి కారణమైంది. 1942లో జపాను దండయాత్రతో పారిపోయి రావలసివచ్చింది. 1948లో స్వతంత్ర బర్మా భూమిని జాతీయం చేస్తూ చట్టం తెచ్చింది.

ఇళ్ళు మిగిలాయి. ఒక్కొక్క ఇంటికి పదుల సంఖ్యలో వారసులు. మరమ్మతుకు అందరూ ఒప్పుకోవడం కష్టం, విప్పి అమ్ముకోవడం సులువు. కారైక్కుడి పాతవస్తువుల దుకాణాలలో స్తంభాలు, ద్వారబంధాలు విడివిడిగా దొరుకుతాయి. ఇక్కడొక విచిత్రం గమనించదగినది. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం నూరేళ్ళు దాటిన, భవనం నుండి వేరుచేసిన వస్తువును పురావస్తువుగా గుర్తిస్తుంది. ప్రైవేటు వ్యక్తులు దానిని విదేశాలకు ఎగుమతి చేయరాదు. కాని ఆ భవనం రక్షిత కట్టడం కాకపోతే, దేశంలోనే ఆ తలుపును ఊడదీసి అమ్ముకోవడాన్ని ఈ చట్టం ఆపలేదు. తలుపు ఇంటికి ఉన్నంతకాలం దాని ఊసు లేదు. ఊడిన తరువాతనే గౌరవం.

1996లో చెన్నై సమీపాన ప్రారంభమైన దక్షిణచిత్రలో చెట్టినాడు గృహభాగాన్ని తెచ్చి తిరిగి నిలిపారు. 2014లో ఈ గ్రామసమూహాలు యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. ఊళ్ళలో మాత్రం చాలా ఇళ్ళు ఏడాదిలో అధికభాగం తాళం వేసే ఉంటాయి. పెళ్ళి కుదిరినప్పుడు వారసులు ఎక్కడెక్కడినుండో చేరుకొని సింహద్వారం తెరుస్తారు. ఆ రోజున గజలక్ష్మి కిందుగా మళ్ళీ జనం నడుస్తారు.