గడ్డికట్టలను తరిగి వెదజల్లు యంత్రములు

పొలములో యంత్రముచే చుట్టబడిన యెండుగడ్డికట్టను విప్పి, తుంపులుగా తరిగి, పశువుల గాడిలోనో, పాకలో పరుపుగానో, తోటలో మొక్కల మొదళ్లకు కప్పుగానో వెదజల్లు సాధనములన్నియు ఈ తరగతిలో చేరును. చేతితో త్రిప్పెడు చాఫ్ కట్టరు మొదలుకొని ట్రాక్టరు వెనుక నడచు బేలు ప్రాసెసరు వరకు వీని పరిమాణములందెంత భేదమున్నను, ఒత్తి బిగించినదానిని సడలించుట, పొడవైనదానిని పొట్టిచేయుట, ఒకచోట నున్నదానిని పలుచోట్లకు చేర్చుట, అన్నింటి పనియు నిదియే. ఉత్తర మధ్య అండమాన్ జిల్లాకు కేంద్రమైన మాయాబందరు వంటి చోట, ఏడాదిలో అధికభాగము వానలతోనే గడచు ద్వీపభూమిలో, ఈ పనికి గల విలువ మన కోస్తా జిల్లాలలోకంటె మిక్కుటము.

నూర్పిడి కల్లములో జరిగినన్నాళ్లు తెలుగుదేశమునందు వరిగడ్డి పొడవు చెడకుండ వాములకెక్కి, ఏడాది పొడవునా పశువులను పోషించెడిది. కోతయంత్రములు వచ్చిన తరువాత గడ్డి పొలములోనే చాళ్లుగా పడిపోవుటయు, దానిని ప్రోగుచేయ కూలీలు దొరకకపోవుటయు, తుదకు పలువురు రైతులు దానికి నిప్పుపెట్టుటయు సంభవించినవి. ఈ దురవస్థకు విరుగుడుగా వచ్చినది బేలరు. చాలులోని గడ్డిని ఇనుపపుల్లలతో పైకెత్తి, లోపలిగదిలో చుట్టగా దొర్లించి, పురికొసతో బిగించి వెనుకకు జారవిడుచు చిన్న బేలర్లు నేడు గోదావరి, కృష్ణా డెల్టాలలోను, తెలంగాణ వరిపొలములలోను కోతలనాడు విరివిగా కానవచ్చును. వాని చుట్టలు సుమారు 15 మొదలు 25 కిలోలు తూగును గనుక ఒక్క మనిషి భుజమున కెత్తుకొనగలడు. అమెరికాలో అయోవా రాష్ట్రీయుడైన గ్యారీ వెర్మీర్ 1970 దశకపు తొలినాళ్లలో ప్రచారమునకు తెచ్చిన పెద్దచుట్టలు అట్టివి కావు. అర టన్ను తూగు చుట్టను మనుష్యులు చేతులతో విప్పి పంచజాలరు. బేలు ప్రాసెసరు వంటి పెద్ద యంత్రము అవసరమగుటకు ఈ బరువే ముఖ్యకారణము.

బేలు ప్రాసెసరులో చుట్టను మోయు ఇనుపతొట్టె యొకటి యుండును. దాని అడుగున గొలుసులుగాని దొర్లుడు కడ్డీలుగాని చుట్టను మెల్లగా త్రిప్పుచుండగా, నిమిషమునకు 540 లేదా 1000 చుట్లు తిరుగు ట్రాక్టరు పీటీవో (ఇతర యంత్రములకు శక్తినందించు ఇరుసు) నుండి శక్తిని గ్రహించిన రోటరు, తనకమర్చిన ఊగుడు సుత్తెలతో పైపొరలను చీల్చి, ప్రక్కద్వారము గుండ గడ్డిని బారుగా విసరును. సుత్తెల కొనలు అడ్డుకడ్డీల సందున ఎంత వెలుపలికి వచ్చిన, గడ్డి అంత ముతకగాను వేగముగాను ఊడివచ్చును. ఈ యంత్రము గడ్డిని చీల్చును, పీకును, కొలతప్రకారము కోయదు. తుంపుల నిడివి ముఖ్యమైనచోట కత్తులుగల యంత్రమే శరణ్యము. మరియు కట్టకు చుట్టిన దారమును ముందుగా విప్పి తీయనిచో అది రోటరు ఇరుసునకు పెనవేసుకొని బేరింగులను పాడుచేయును. ప్లాస్టిక్ దారపు ముక్కలు మేతలో కలసి పశువు కడుపులోనికి పోయినచో అవి జీర్ణముగాక పొట్టలో పేరుకొని ప్రాణాపాయమును కూడ కలిగింపవచ్చును. జనపదారమునకు ఈ దోషము తక్కువ.

మన పాడిరైతులకు చిరపరిచితమైనది చాఫ్ కట్టరు. గడ్డిని గుప్పెళ్లుగా ఒక దోనెలో పెట్టగా, పండ్లుగల రెండు రోలర్లు దానిని ఒత్తిపట్టి లోనికి లాగును. చక్రమునకు బిగించిన వంపుకత్తులు నోటికడనున్న ఉక్కుపలకకు అంటీ అంటనట్లు తిరుగుచు దానిని తెగగోయును. రోలర్ల వేగమును మార్చినచో తుంపు నిడివి మారును. పాడిపశువుల వరిగడ్డికి రెండు మూడు సెంటీమీటర్ల తుంపు అనువైనది. వరిగడ్డియందు సిలికా అధికముగా నుండుటచే కత్తులు త్వరగా మొద్దుబారును. మొద్దుకత్తి గడ్డిని కోయక నలిపివేయును, మోటారుపై భారమును పెంచును. పదును చూచుకొనుట ఈ యంత్రమునకు నిత్యకృత్యము.

ఇక మొదట పేర్కొన్న మాయాబందరు సంగతి. దాని పరిసరములలో 1925లో బర్మానుండి వచ్చిన కారెన్ కుటుంబములు వెబీ గ్రామమున స్థిరపడినవి. స్వాతంత్ర్యానంతరము తూర్పుబెంగాలు కాందిశీకులు మొదలైనవారు వచ్చి చేరినారు. తెలుగువారును ఈ దీవులలో గణనీయముగా నున్నారు. 2011 జనగణనమున అండమాన్ నికోబార్ ప్రజలలో సుమారు 13 శాతము తెలుగు మాతృభాషగా గలవారు. ఈ ప్రాంతపు వరిసాగులో సీ14-8 అను పొడవైన, దీర్ఘకాలిక రకము చిరకాలముగా ప్రసిద్ధము. నైరుతి, ఈశాన్య ఋతుపవనములు రెండును తడుపు ఈ దీవులలో వార్షిక వర్షపాతము సుమారు 3,000 మిల్లీమీటర్లు. ఆ పంట డిసెంబరు, జనవరి మాసములలో కోతకు వచ్చును గనుక, జనవరి మొదలు ఏప్రిలు వరకు గల పొడికాలముననే గడ్డి యెండవలెను, కట్టలు కట్టవలెను, నీడకు చేరవలెను. తేమ 15 శాతమునకు మించిన గడ్డిని బిగించి కట్టినచో కట్ట నడిమిభాగము వేడెక్కి బూజుపట్టును. అట్టి కట్టను యంత్రమున వేసినవానికి ఎదురగునది తెల్లని బూజుధూళి. అది పీల్చినవారికి దగ్గు, తిన్న పశువునకు జబ్బు.

ఎండి నిలిచిన వరిగడ్డిలోనైనను మాంసకృత్తులు సాధారణముగా నాలుగు శాతమునకు మించవు. తరిగిన గడ్డి 100 కిలోలకు 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీటిలో కరగించి చల్లి, గాలి చొరకుండ కప్పి మూడు వారములు మాగనిచ్చినచో అది సులభముగా జీర్ణమగును. పొడవుగడ్డిపై ద్రావణము అంతట సమముగా పట్టదు. తరుగుటవలని అసలు లాభము ఇక్కడ కనబడును. పశువులు తినక మిగిల్చిన తుంపులును వృథా కావు. కొబ్బరి, పోక తోటల నీడలో పెంచు అల్లము, పసుపు మళ్లపై ఎకరమునకు సుమారు 2 టన్నుల చొప్పున పరచినచో, కొండవాలు మట్టి వానకు కొట్టుకొనిపోక నిలుచును, కలుపు అణగును. తుంపులు పొట్టివైనందున మొలకలకు అడ్డముగావు. బూజుపట్టి మేతకు పనికిరాని గడ్డికి సైతము ఇదియే సద్గతి.

వెర్మీరు చుట్టలకు తగిన మహాయంత్రము చిన్న కమతములును ఇరుకు కొండత్రోవలునుగల మాయాబందరునకు అక్కరలేదు. చేతికెత్తగల చిన్నకట్టలు, రెండు మూడు గుర్రపుశక్తుల మోటారుతో నడచు చాఫ్ కట్టరు, దానిని కొన్ని కుటుంబములు కలసి వాడుకొను ఏర్పాటు చాలును. చాఫ్ కట్టరు వ్రేళ్లను, చేతులను హరించిన సంఘటనలు మన దేశమున లెక్కకు మిక్కిలి. అందుచే దోనె పొడవుగా నుండి పైకప్పుగలదియు, చక్రమునకు రక్షణకవచముగలదియు, రోలర్లను వెంటనే వెనుకకు త్రిప్పగల మీట గలదియు మాత్రమే కొనవలెను. వదులుబట్టలతో దానికడ నిలువరాదు. పిల్లలను దాని చాయలకు రానీయరాదు.